కమ్యూనిటీ కాలేజీ అంటే సీటు రానివాళ్ళ కాలేజీయేనా? డి ఆంజా సంగతి చెబుతూ ఒక జవాబు

మీ ప్రశ్న ఇది. మీరు సన్నీవేల్‌లో ఉంటున్నారు. మీ అబ్బాయి ఆశపడ్డ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో సీటు రాలేదు, వచ్చినచోటికి వెళ్ళడం వాడికి ఇష్టం లేదు. కుపర్టినోలోని డి ఆంజా కాలేజీలో చేరి, రెండేళ్ళ తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతానంటున్నాడు. గుంటూరు నుంచి మీ మామగారు ఫోన్ చేసి "అదేమన్నా ఐటీఐ లాంటిదా అమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో మీకు తోచలేదు. ఈ కాలేజీలు ఎందుకు పెట్టారు, ఎవరికోసం పెట్టారు, అందులో చేరితే వాడి చదువు విలువ తగ్గుతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. తగ్గదు. ధైర్యంగా చేర్పించండి. యూనివర్సిటీలో మొదటి రెండేళ్ళు చెప్పే చదువును ఎవరికైనా అందేలా చేయాలనే ఈ కాలేజీలు పెట్టారు. అయితే అందరినీ రానిచ్చేచోట ప్రతి ఒక్కరినీ చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు ఉండరు. ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో తెలిసి చేరినవాడికి కాలిఫోర్నియాలో ఇంత చవకగా ఇంత మంచి చదువు ఇంకెక్కడా దొరకదు. తెలియకుండా చేరితే మాత్రం రెండేళ్ళ పని మూడేళ్ళో నాలుగేళ్ళో అవుతుంది. మీరు టెన్షన్ పడాల్సింది పరువు గురించి కాదు, ఈ రెండో విషయం గురించి.

నేను బే ఏరియాలోనే ఇంకో పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీలో చాలా ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మన తెలుగు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఏటా ఇదే ప్రశ్నతో వస్తారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మీ మామగారి మాటలో సగం నిజముంది. డి ఆంజాలో కార్ల రిపేరు నేర్పే ఆటోమోటివ్ విభాగం ఉంది, నర్సింగ్ ఉంది. అదే క్యాంపస్‌లో ఇంజినీరింగ్ పిల్లలకు కావలసిన క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ఫిజిక్స్ కూడా చెబుతారు. ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతారు. ఇవన్నీ ఒకే గొడుగు కింద ఉండటం యాదృచ్ఛికం కాదు. రాష్ట్ర చట్టంలోనే ఈ కాలేజీల పని అలా రాసి ఉంది: మొదటి రెండేళ్ళ డిగ్రీ చదువు, వృత్తి చదువు, వెనకబడ్డవాళ్ళకు ఆసరా, రాష్ట్ర ఆర్థికాభివృద్ధికి తోడ్పాటు. మామగారికి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఈసెట్ సంగతి చెప్పండి. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా, ఇక్కడ ఏ ఎంట్రన్సూ లేకుండా, రెండేళ్ళ మార్కుల మీద డిగ్రీ మూడో ఏడాదిలో చేరతారు. కమ్యూనిటీ కాలేజీలో చేరడానికైతే పాలీసెట్ లాంటిది కూడా లేదు. చదువు మధ్యలో ఆగినవాళ్ళను మళ్ళీ రానివ్వాలన్న ఆలోచన మన దగ్గరా ఉంది. 1982లో హైదరాబాద్‌లో ఓపెన్ యూనివర్సిటీ (ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ) అందుకే పెట్టారు. తేడా ఏమిటంటే అది దూరవిద్య, ఇది రోజూ వెళ్ళి కూర్చునే కాలేజీ.

ఇక చరిత్ర. ఇదంతా ఎందుకంటారేమో, మీ అబ్బాయికి రేపు ఎదురయ్యే మంచీ చెడూ రెండూ ఇందులోనే ఉన్నాయి.

ఇప్పటికీ నడుస్తున్న పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీల్లో అన్నిటికన్నా పాతది ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఉంది. 1901లో అక్కడి హైస్కూల్ సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో యూనివర్సిటీ ప్రెసిడెంట్ విలియం రెయినీ హార్పర్ కలిసి హైస్కూల్ మీద ఇంకో రెండేళ్ళ చదువు చేర్చారు. మొదట చేరింది ఆరుగురు. ఊరు వదిలి వెళ్ళే స్తోమత లేని పిల్లలు ఇంటి దగ్గరే ఉండి పైచదువు మొదలుపెట్టొచ్చన్నది ఒక ఉద్దేశం. హార్పర్ మనసులో ఇంకోటి కూడా ఉంది: మొదటి రెండేళ్ళ పిల్లల భారం తగ్గితే యూనివర్సిటీ తన పరిశోధన తాను చూసుకోవచ్చు. అంటే అందరినీ రానివ్వడం, పెద్ద యూనివర్సిటీ గేటు దగ్గర రద్దీ తగ్గించడం అనే రెండు ఉద్దేశాలూ పుట్టుకతోనే ఉన్నాయి. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఈ రెండూ విడిపోలేదు.

కాలిఫోర్నియా దీన్ని అందరికన్నా గట్టిగా పట్టుకుంది. హైస్కూళ్ళు పై తరగతులు కూడా చెప్పుకోవచ్చని 1907లో చట్టం వచ్చింది. 1910లో ఫ్రెస్నోలో మొదటి జూనియర్ కాలేజీ పెట్టారు. చుట్టూ పొలాలు, బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ చూస్తే చాలా దూరం. రైతుల పిల్లలు అంత దూరం వెళ్ళి చదవడం జరిగే పని కాదు. 1921లో ఈ కాలేజీలకు విడిగా జిల్లాలు (కాలేజీలను నడిపే స్థానిక పాలనా పరిధులు) ఏర్పాటు చేసుకునే వీలు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 నాటి జీఐ బిల్లు చదువు ఖర్చు ఇవ్వడంతో కాలేజీలన్నీ కిటకిటలాడిపోయాయి. 1947లో ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన కమిషన్ ఊరూరా ఇలాంటి కాలేజీలు ఫీజు లేకుండా పెట్టాలని చెప్పింది. "కమ్యూనిటీ కాలేజీ" అన్న పేరు అందరి నోటా పడింది ఆ రిపోర్టుతోనే. అంతకుముందు అవన్నీ జూనియర్ కాలేజీలు. ఆ మాట వింటే మనకు ఇంటర్మీడియట్ గుర్తొస్తుంది కాబట్టి మీ మామగారి దగ్గర వాడకండి!

అసలు మలుపు 1960. క్లార్క్ కెర్ యూసీ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు రాష్ట్రం ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. హైస్కూల్ పిల్లల్లో పైనున్న ఎనిమిదో వంతుకు యూసీ, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు (ఇప్పటి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), చదువుతాననే ఎవరికైనా కమ్యూనిటీ కాలేజీ. చాలామంది ఇక్కడే ఆగిపోయి "చూశారా, చివర మిగిలినవాళ్ళకు" అంటారు. ప్లాన్‌లో రెండో సగం చదవరు. పిల్లలను అంత కఠినంగా వడపోస్తున్నప్పుడు పద్దెనిమిదేళ్ళకే ఎవరి తలరాతా ఖాయం కాకూడదని, మూడో ఏడాదిలో లోపలికి వచ్చే దారి కూడా అదే ప్లాన్‌లో పెట్టారు. అందుకోసం మొదటి రెండేళ్ళ విద్యార్థులు 40 శాతం, చివరి రెండేళ్ళవాళ్ళు 60 శాతం ఉండేలా యూనివర్సిటీలు చూసుకోవాలన్నారు. ఆ అదనపు సీట్లు ట్రాన్స్‌ఫర్ పిల్లలవి. ఈ రోజుకీ యూసీ ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్లలో మొదటి ప్రాధాన్యం కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే. వేరే రాష్ట్రంలో పెద్ద పేరున్న యూనివర్సిటీలో చదివి రావాలనుకునేవాడు కూడా వాళ్ళ వెనకే. మీ అబ్బాయి దొడ్డిదారిన వెళుతున్నాడని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి. ఇది చట్టం వేసిన దారి.

డి ఆంజా పుట్టింది ఈ ఊపులోనే. శాంటా క్లారా లోయలో అప్పటికి ఇంకా పళ్ళ తోటలు. ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, వాటితో కుటుంబాలు వచ్చి పడుతున్నాయి. 1957లో ఫుట్‌హిల్ కాలేజీ జిల్లా ఏర్పడింది. 1958లో మౌంటెన్ వ్యూలో ఒక పాత స్కూల్ భవనంలో ఫుట్‌హిల్ కాలేజీ క్లాసులు మొదలయ్యాయి, 1961లో లాస్ ఆల్టోస్ హిల్స్‌లో సొంత క్యాంపస్ వచ్చింది. అదీ సరిపోక 1967లో కుపర్టినోలో రెండో కాలేజీ తెరిచారు. 1776లో ఈ దారిన ప్రయాణించిన స్పానిష్ సైనికాధికారి హువాన్ బౌటిస్టా డి ఆంజా పేరు పెట్టారు. ఆ స్థలం అంతకుముందు ద్రాక్షతోటలున్న ఒక ఎస్టేట్. దాని పాత బంగళా, ల ప్టీ ట్రియనాన్, ఇప్పటికీ క్యాంపస్ మధ్యలో ఉంది, అందులో కాలిఫోర్నియా చరిత్ర కేంద్రం నడుపుతున్నారు. ఫుట్‌హిల్ కాలేజీ మొదటి ప్రెసిడెంట్ కాల్విన్ ఫ్లింట్ పేరు మీద ఇక్కడ ఒక పెద్ద ఆడిటోరియం ఉండేది. 1984 జనవరి 24న స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాకింటాష్‌ను జనానికి చూపించింది ఆ వేదిక మీదే. 2019లో దాన్ని మూసేశారు. ఆపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ కొన్నాళ్ళు డి ఆంజాలో చదివాడు కూడా. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా మరీ చులకనగా మాట్లాడితే వాడుకోవడానికి ఈ ముక్క మీకు ఉపయోగపడుతుంది, అంతకుమించి దానికి పెద్ద విలువ ఇవ్వకండి. వోజ్నియాక్ ఎక్కడ చదివినా వోజ్నియాకే అయ్యేవాడు.

"పబ్లిక్" అంటే ఏమిటో చూడాలంటే మీకు సొంత ఇల్లుంటే ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీయండి. కింద చిన్న అక్షరాల్లో ఉండే బాండ్ల (ఓటర్లు ఒప్పుకున్న అప్పుల) జాబితాలో ఫుట్‌హిల్-డి ఆంజా అని ఒక లైను కనిపిస్తుంది. 2020లో ఓటర్లు 89.8 కోట్ల డాలర్ల బాండుకు ఒప్పుకున్నారు, దానికి మీరూ కడుతున్నారు. పాలకమండలిని ఎన్నుకునేదీ ఊళ్ళోవాళ్ళే. మనవాళ్ళు ఇళ్ళు కొనేటప్పుడు హైస్కూల్ రేటింగ్ ఒకటికి పదిసార్లు చూస్తారు, ఆ పక్కనే తమ డబ్బుతో నడిచే కాలేజీ గేటు లోపలికి మాత్రం తొంగి చూడరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

ఫీజు సంగతి. 1984 దాకా కాలిఫోర్నియా రెసిడెంట్లకు ఈ కాలేజీల్లో ఫీజే లేదు. 1978లో ప్రొపోజిషన్ 13 ఆస్తిపన్నుకు కళ్ళెం వేశాక డబ్బుకు కటకట మొదలై, చివరికి యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్క) 5 డాలర్లు, సెమిస్టర్‌కు 50కి మించకుండా పెట్టారు. అది పెరుగుతూ వచ్చి 2012 నుంచి సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు. డి ఆంజాది సెమిస్టర్ కన్నా చిన్న క్వార్టర్ల పద్ధతి కాబట్టి అక్కడ క్వార్టర్ యూనిట్‌కు 31. క్వార్టర్‌కు 15 యూనిట్లు తీసుకుంటే మూడు క్వార్టర్లకు 1,395 డాలర్లు, పైన చిన్నా చితకా ఫీజులు. యూసీ ట్యూషన్ దీనికి సుమారు పదింతలు. మొదటిసారి కాలేజీలో ఫుల్‌టైమ్ చేరేవాళ్ళకు ఈ మాత్రం కూడా మాఫీ చేసే పథకాలు చాలా కాలేజీల్లో ఉన్నాయి, అడగండి.

మంచి అంతా చెప్పాను కదా, ఇప్పుడు రెండో వైపు.

1960లోనే బర్టన్ క్లార్క్ అనే సామాజికశాస్త్రవేత్త మన పక్కనే ఉన్న శాన్ హోసే జూనియర్ కాలేజీని దగ్గరగా చూసి ఒక చేదు మాట రాశాడు. యూనివర్సిటీకి వెళతామని వచ్చిన పిల్లల్లో చాలామందిని ఈ కాలేజీలు నెమ్మదిగా, నొప్పి తెలియకుండా, ఆ ఆశ వదులుకునేలా చేస్తాయన్నాడు. "నీకు ఇది కుదరదేమో, ఇంకోటి చూసుకో" అని ఎవరూ గట్టిగా అనరు, కౌన్సిలింగ్‌లో, గ్రేడ్లలో అదే తేలుతుంది. ఇందాక చెప్పిన రద్దీ తగ్గించే ఉద్దేశం ఇదే. ఆ మాట అని అరవై ఏళ్ళు దాటినా పూర్తిగా అబద్ధం కాలేదు. 2024లో రాష్ట్ర ఆడిటర్ లెక్క తీస్తే, 2017 నుంచి 2019 మధ్య ట్రాన్స్‌ఫర్ కావాలని చేరినవాళ్ళలో నాలుగేళ్ళలో నిజంగా ట్రాన్స్‌ఫర్ అయింది ఐదుగురిలో ఒకరు.

ఈ అంకె చూసి హడలిపోకండి. నా సాయంత్రం క్లాసులో ఎవరుంటారో చెబుతాను. పగలంతా గోదాములో పనిచేసి, రిఫ్లెక్టర్ జాకెట్ తీయకుండానే వచ్చి వెనక వరసలో కూర్చునే అబ్బాయి. పిల్లను అత్తగారికి అప్పజెప్పి వచ్చే అమ్మాయి. సైన్యం నుంచి వచ్చిన ముప్పై దాటిన మనిషి. హైస్కూల్లో చదువుతూనే ఇక్కడ ఒక కోర్సు తీసుకునే పదహారేళ్ళ పిల్ల, క్లాసులో అందరికన్నా ముందు లెక్క చేసేది సాధారణంగా తనే. ఒక షిఫ్టు మారితే చదువు ఆగిపోయేవాళ్ళు ఆ ఐదుగురిలో చాలామంది. ఇల్లు గడపడానికి ఉద్యోగం చేయాల్సిన అవసరం మీ అబ్బాయికి లేకపోతే వాడి పరిస్థితి వేరు. అయినా ఈ లెక్కలో ఇంకో కారణం వాడికీ వర్తిస్తుంది: కోర్సుల వరస తప్పడం.

డి ఆంజానే తీసుకుందాం. ఇంజినీరింగ్ వైపు వెళ్ళేవాడికి క్యాలిక్యులస్ 1ఏ, 1బీ, 1సీ, 1డీ అని నాలుగు క్వార్టర్లు. ఒకటి పాసైతేనే రెండోది. ఆ తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా. వీటికి జతగా ఫిజిక్స్ వరస. మొదటి క్వార్టర్‌లో "అలవాటు పడేదాకా తేలికవి తీసుకుంటా" అని లెక్కలు వదిలేస్తే ఆ ఆలస్యం చివరిదాకా లాగుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు కుర్రాడు మొదటి ఏడాదంతా చరిత్ర, సైకాలజీ, స్పీచ్ తీసుకుని మంచి గ్రేడ్లు తెచ్చుకున్నాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. రెండో ఏడాది మొదట్లో దరఖాస్తు పెట్టే వేళకు చూస్తే మేజర్‌కు (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకు) కావలసినది ఒక్కటీ లేదు. తెలివైనవాడే, మూడో ఏడాది ఉండి వెళ్ళాడు.

యూసీ దరఖాస్తు రెండో ఏడాది అక్టోబరు, నవంబరుల్లోనే పెట్టాలి. అంటే అప్పటికి వాళ్ళు చూసేది ఒక్క ఏడాది గ్రేడ్లు. రెండేళ్ళున్నాయి కదా అని పేరే కానీ, తీర్పు మొదటి ఏడాది మీదే. గ్యారంటీ సీటు కావాలంటే టాగ్ అని ఒకటుంది, అది ఇంకా ముందు, సెప్టెంబరులో. టాగ్ ఇచ్చేవి ఆరు క్యాంపస్‌లు: డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్‌లీ, లాస్ ఏంజిలస్, శాన్ డియేగో ఇవ్వవు. ఇచ్చే క్యాంపస్‌లలో కూడా కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ లాంటి మేజర్లను కొన్ని తప్పించేస్తాయి, ఆ జాబితా ఏటా మారుతుంది. పక్కింటివాళ్ళ అబ్బాయికి రెండేళ్ళ కిందట వచ్చిందన్న మాట మీద ఆధారపడకండి.

ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ అనే రాష్ట్ర వెబ్‌సైట్‌లో ఉంటుంది. కాలేజీ పేరు, వెళ్ళాలనుకునే క్యాంపస్, మేజర్ ఇస్తే ఎడమవైపు అక్కడి కోర్సు, కుడివైపు ఇక్కడిది పక్కపక్కన చూపిస్తుంది. మీ అబ్బాయిని రెండు మూడు క్యాంపస్‌లకు ఇది ప్రింట్ తీసుకుని, అన్నిట్లోనూ ఉన్న కోర్సులు మార్కర్‌తో గీసుకోమనండి. ముందు అవే తీసుకోవాలి. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ పిల్లలకు జనరల్ కోర్సుల కన్నా మేజర్ కోర్సులు పూర్తవడం ముఖ్యం. ఇంకోటి, సీటు దొరకలేదని సగం క్యాలిక్యులస్ డి ఆంజాలో, మిగతా సగం సెమిస్టర్ పద్ధతిలో నడిచే వెస్ట్ వ్యాలీలోనో మిషన్ కాలేజీలోనో తీసుకుంటే ఏ కోర్సులో ఏ పాఠాలు వస్తాయన్నది రెండుచోట్లా కలవదు. మొదలుపెట్టినచోటే వరస పూర్తి చేయాలి. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి పరీక్ష) క్యాలిక్యులస్ రాసి ఉంటే ఆ స్కోరు కాలేజీకి తప్పకుండా పంపించండి, మొదటి ఒకటి రెండు కోర్సులు తీసుకోనక్కర్లేకపోవచ్చు.

వీసా గురించి మీరు రాయలేదు, అయినా ఇది చదివే మిగతావాళ్ళకు పనికొస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు, భార్యలకు నిబంధనలు కుదిరితే ఇక్కడ రెసిడెంట్ ఫీజే పడుతుంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) అయితే ఫీజు చాలా ఎక్కువ. గ్రీన్ కార్డు రాకుండా 21 నిండే పిల్లలు హెచ్-4 పోగొట్టుకుంటారు కాబట్టి ఆ పుట్టినరోజు ఏ ఏడాదిలో పడుతుందో ముందే చూసుకుని కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో మాట్లాడాలి. హెచ్-4 ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, కాకినాడలో బీకాం చేసి వచ్చిన ఒకావిడ సీపీఏ (మన సీఏ లాంటిది) లైసెన్సుకు తక్కువైన అకౌంటింగ్ యూనిట్లు ఇలాంటి కాలేజీలోనే, పిల్లలు స్కూల్లో ఉన్న వేళల్లో పూర్తి చేసుకున్నారు. ట్రాన్స్‌ఫర్ ఒక్కటే ఈ కాలేజీల పని అనుకుంటే ఆవిడ ఏ లెక్కలోకీ రారు. నా దృష్టిలో వీటి అసలు గొప్పతనం అలాంటి వాళ్ళ దగ్గరే కనిపిస్తుంది.

తల్లిగా మీకు కష్టమనిపించే సంగతి ఒకటుంది. కాలేజీలో చేరిన రోజు నుంచి వాడి గ్రేడ్లు వాడి సొంతం. ఫీజు మీరు కట్టినా సరే, వాడి అనుమతి లేనిదే మేము మీకు చెప్పకూడదు, అది ఫెడరల్ చట్టం. నాకు తల్లిదండ్రుల నుంచి మెయిల్స్ వస్తుంటాయి, "మా వాడు క్లాసుకు వస్తున్నాడా సార్" అని. పాపం అనిపిస్తుంది, కానీ జవాబు ఇవ్వలేను. అందుకే క్వార్టర్ మొదట్లోనే వాడితో ఒక ఒప్పందానికి రండి: మిడ్‌టర్మ్ తర్వాత ఒకసారి, చివర్లో ఒకసారి వాడే చూపించాలి. క్వార్టర్ చిన్నది, మూడో వారానికే పరీక్షలు వచ్చేస్తాయి. సెమిస్టర్ కాలేజీల్లోలా తర్వాత అందుకుందాంలే అంటే కుదరదు.

చివరికి పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది, మొదటి రెండేళ్ళు ఎక్కడ చదివాడో దాని మీద రాయరు. మామగారికి ఈ ఒక్క వాక్యంతోనే మనసు కుదుటపడొచ్చు.

వాడికి ఏ మేజర్ కావాలో మీరు రాయలేదు. కంప్యూటర్ సైన్సా, బిజినెస్సా, బయాలజీయా అన్నదాన్ని బట్టి మొదటి క్వార్టర్ కోర్సులు మారతాయి. అది, వాడు రాసిన ఏపీ పరీక్షలు, మనసులో ఉన్న రెండు మూడు క్యాంపస్‌ల పేర్లు కింద రాయండి, చూసి చెబుతాను. ఈలోగా కౌన్సిలర్ అపాయింట్‌మెంట్ మాత్రం ఇప్పుడే తీసుకోమనండి, ఫాల్ క్వార్టర్ దగ్గరపడితే దొరకవు.